మంచాన పడ్డ రోగికి బాధ్యత వహించే నర్సు ఎవరు? విశాఖ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

కింది స్థాయిలో ఇచ్చిన వినతులకు జవాబు రానందున ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మంచాన పడ్డ రోగుల విషయాన్ని నలుగురి ముందు పెడుతున్నాం.

పక్షవాతం రోగి మూత్రం గొట్టంతో, ముక్కు గొట్టంతో ఇంటికొస్తాడు. వాటిని ఎప్పుడు మార్చాలో డిశ్చార్జి కాగితంలో తరచూ ఉండదు. మూత్రం గొట్టం మామూలు లేటెక్స్ (రబ్బరు)దైతే 2 నుంచి 4 వారాలు, పూర్తి సిలికాన్‌దైతే 12 వారాల వరకు ఉంచుతారు. ఏది వేశారో రాయకపోతే, అది మూసుకుపోయి చలిజ్వరం వచ్చాకే ఇంటివాళ్లకు తెలుస్తుంది. మూత్రం సంచి మూత్రాశయం కంటే కిందనే ఉండాలి, నేలకు తగలకూడదు. పక్క మార్చేటప్పుడు సంచిని మంచం మీదే పెట్టేస్తారు; మూత్రం వెనక్కి మళ్లుతుంది. ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. వెల్లకిలా ఉంచి పోస్తే కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక పిరుదుల పైన ఎర్రబడ్డ చర్మం, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది ఒత్తిడి పుండుకు మొదలు.

ఇవేమీ పెద్ద చదువులు కావు. చూసి చెప్పే మనిషి లేకే పుండు ఎముక దాకా పోతోంది. ఆరిలోవ కొండవాలు ఇళ్ల నుంచి అలాంటి రోగిని మెట్ల మీదుగా మోసుకు దిగాలి. మోసినవాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే.

కాబట్టి ప్రతి రోగికీ ఒక నర్సును బాధ్యురాలిగా నియమించండి. డిశ్చార్జి అయిన 48 గంటల్లో ఆమె ఇంటికి వెళ్లాలి. గొట్టం రకం, వేసిన తేదీ, మందుల జాబితా ఒకే పుస్తకంలో ఉండాలి. డాక్టరుకు నేరుగా ఫోన్ చేసే అధికారం ఆమెకు ఇవ్వాలి. ఆ అధికారం లేకపోతే ఈ పుస్తకమూ మరో రిజిస్టరే. ముందు ఒక్క జోన్‌లోనైనా మొదలుపెట్టి, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమని కోరుతున్నాం.

ఇట్లు,
ఇంటి వద్ద సేవలందించే నర్సులు, విశాఖపట్నం