కూరగాయల బండి సాయంత్రం రావాలి

సంపాదకులకు నమస్కారం.

బీపీ, షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి పరీక్షలు చేసే నర్సును నేను. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిండిపదార్థం ఎక్కువగా ఉండే దుంపలు ఆ లెక్కలోకి రావు. పేదల వాడల్లో ఈ మాట చెబితే, "తింటాం సరే, ఎక్కడ దొరుకుతాయమ్మా?" అని అడుగుతారు. మార్కెట్ దూరం. కొనేదానికంటే రానుపోను ఛార్జీలే ఎక్కువవుతాయి. ఇంటిపక్క కొట్టులో ఉండేవి ప్యాకెట్లూ వాడిపోయిన కాయలూ.

అందుకే వాడలకే వచ్చే కూరగాయల బండ్లు కావాలని గట్టిగా కోరుకుంటున్నాను. న్యూయార్క్‌లో 2008లో పండ్లు, కూరగాయల వాడకం తక్కువగా ఉన్న ప్రాంతాలకే వెయ్యి తోపుడుబళ్ల పర్మిట్లు కేటాయించారు. షికాగోలో 2011లో పాత సిటీ బస్సును కూరగాయల అంగడిగా మార్చి తిప్పారు. కాబట్టి ఇది జరగని పనేం కాదు.

నా బాధంతా వేళ గురించి. పట్టపగలు బండి వచ్చి ఏం లాభం? పనికి పోయినవాళ్ల తలుపులకు తాళాలుంటాయి. కూలి డబ్బు చేతికొచ్చేది పొద్దుపోయాకే, పొయ్యి వెలిగేదీ అప్పుడే. బండి ఆ వేళకే, వచ్చినప్పుడల్లా ఒకేచోట, పిల్లల బడి దగ్గరో నీళ్ల కుళాయి దగ్గరో ఆగాలి. ఎప్పుడొస్తుందో తెలియని బండి కోసం డబ్బులు పట్టుకుని ఎవరూ కూర్చోరు.

వారానికొక్కసారి వస్తే కూడా చాలదు. ఈ ఇళ్లలో చాలావాటికి ఫ్రిజ్ లేదు. ఆకుకూర రెండో రోజుకే పాడవుతుంది, మిగతా రోజులు మళ్లీ పచ్చళ్లే. ఉప్పు తగ్గించమని నేను చెప్పే రోగులకు అదే దిక్కు! కనీసం రెండు రోజులకోసారైనా రావాలి. ఆ పూటకు సరిపడా, ఎంత అడిగితే అంత తూచి ఇవ్వాలి. కిలో కట్టలు కట్టి అమ్మితే వాళ్లు కొనలేరు.

నష్టమంతా అమ్మేవాళ్ల నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. ఎండకు సరుకు వాడిపోతుంది, మిగిలింది పారబోయాలి. ఇప్పటికే గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆడవాళ్లకే ఈ బండ్లు అప్పగించాలి. వాళ్లను పక్కకు నెట్టే పథకం నాకు వద్దు. నీడ, నిలుపుకునే చోటు ఇచ్చి, రుసుము మాఫీ చేస్తే చాలావరకు నిలదొక్కుకుంటారు.

బండి దారి, వేళ ఖరారు చేసేముందు అధికారులు ఒక్క సాయంత్రం వాడకు వచ్చి అక్కడి ఆడవాళ్లను అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక నర్సు