చిన్నా సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు రాయక రెండు నెలలు దాటింది. తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. అమ్మ బాగుంది, నాన్న మోకాళ్ళు మామూలే, పైవాటా అద్దెకిచ్చేశాం. అసలు విషయం చిన్నా గురించి.

ఉగాది నుంచే వాడు అదోలా ఉన్నాడురా. నా బండి చప్పుడు వింటే గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు కదా, అది మానేశాడు. మంచం దిగడు. మోచేతులు పొడిబారిపోయాయి. తిండి తగ్గినా ఒళ్ళొస్తోంది. మలబద్ధకం సరేసరి. ఒక డాక్టరుకి చూపిస్తే, "డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఇంతేనండీ, వయసొచ్చే కొద్దీ మందగిస్తారు" అని పంపించేశాడు. మేమూ నమ్మేశాం. అదే నాకు ఇప్పటికీ... సరేలే.

రోహిణీ కార్తెలో ఒక మధ్యాహ్నం. మన బెజవాడ ఎండ నీకు చెప్పాలా! చెమటతో తడిసి ఇంటికొచ్చేసరికి వీడు ఫ్యాను ఆపేసి, మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యేస్తే చల్లగా ఉంది. "చలి అన్నయ్యా" అన్నాడు, బొంగురు గొంతుతో. భయమేసిందిరా.

మర్నాడే సూర్యారావుపేటలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. దుప్పటి సంగతి వినగానే ఆవిడ థైరాయిడ్ టెస్ట్ రాశారు. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో టీఎస్‌హెచ్ అనే హార్మోను పెరుగుతుందట. అది 5 లోపు ఉండాల్సింది, వీడికి 46! 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువుండే వీళ్ళలో, ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీయడం మిగతావాళ్ళలో కంటే చాలా ఎక్కువట. నీరసం, ఒళ్ళు రావడం అన్నీ డౌన్ ఖాతాలో వేసేస్తారు గనక, ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించాలట. వాడికి 19 ఏళ్ళొచ్చాయి, ఈ ముక్క మాకు ఒక్కళ్ళూ చెప్పలేదు. మీ ఆఫీసులో ఒకాయన పాపకీ డౌన్ అన్నావు కదా, టెస్ట్ చేయిస్తున్నారో లేదో అడుగు. మర్చిపోకు.

ఇప్పుడు రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర, ఆ గ్రంథి చేయాల్సిన హార్మోనే. అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. అమ్మ మొదట్లో కాల్షియం మాత్ర కూడా దాంతోపాటే వేసేసింది, రెంటికీ నాలుగు గంటల తేడా ఉండాలట. చిన్నా ఆరింటికి మాత్ర మింగి, ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం ముందు కూర్చుంటాడు. పెద్దముల్లు ఆరు మీదికి రాగానే "టీ!" అని కేక.

ఆరు వారాలకి మళ్ళీ టెస్ట్ చేయిస్తే 9కి దిగింది. డోసు కొంచెం పెంచారు. మొన్న ఆదివారం వరదొచ్చి బ్యారేజీ గేట్లెత్తారని తీసుకెళ్ళాను. లెక్కపెట్టాడు, నువ్వు నేర్పిన లెక్కే, ఇరవై తర్వాత నేరుగా డెబ్భై! శీనన్నయ్యకి చెప్పమన్నాడు.

నిన్న సాయంత్రం సందు మలుపు తిరిగానో లేదో గేటు గడియ తీసిన చప్పుడు. చెప్పుల్లేకుండా వచ్చేశాడురా. బండి స్టాండు వేయకుండానే...

ఇంకా బోలెడుంది. ఆరున్నరైంది, గ్లాసు పట్టుకుని నా నెత్తి మీద నిలబడ్డాడు. ఉంటా.