బిల్లులో తగ్గిన రూపాయి, తప్పు మాదే

అందరికీ నమస్తే. చిక్కడపల్లిలో మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే మిఠాయి కొట్టు పెద్దాయన మొన్న ఫోన్ చేసి, "తమ్మీ, కిలో 425 అంటే అరకిలోకి 212న్నర, నేను 213 తీసుకుంటా, నీ మిషిన్ 212 కొడుతుంది, ఏంది కథ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఇదే సంగతి రెండు వారాల కింద ఇంకో కొట్టు నుంచి వస్తే సరిచేసి, "అయిపోయింది" అని మీ అందరికీ వాట్సాప్‌లో పెట్టింది నేనే.

అసలేం జరిగిందో చెప్తా. మన సాఫ్ట్‌వేర్ హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది (హాస్కెల్ కర్రీ అనే తర్కశాస్త్రవేత్త పేరు, కూరకీ దానికీ సంబంధం లేదు). ఆ భాషలో 'రౌండ్' అంటే, చిల్లర సరిగ్గా సగం ఉన్నప్పుడు దగ్గరలోని సరి సంఖ్యకి పోతుంది. అందుకే 212.50 కాస్తా 212 అయింది, కిలో 375 సరుకు అరకిలో 187.50 మాత్రం చక్కగా 188 అయింది. ఒక సరుకుకి తప్పు, ఇంకోదానికి ఒప్పు వస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మన కొట్లల్లో అర్ధరూపాయి పైకే పోతుంది, జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ కూడా పన్ను లెక్కలో 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చెయ్యమనే అంటుంది.

మరి టెస్టులు లేవా అంటే, ఉన్నాయి. క్విక్‌చెక్ అని ఒకటుంది, అదే తోచిన అంకెలు పుట్టించి మామూలుగా 100 సార్లు పరీక్షిస్తుంది. నేను దాన్ని అడిగింది "అసలు మొత్తానికీ రౌండ్ చేసిన మొత్తానికీ తేడా 50 పైసలు దాటకూడదు" అని. 212 అయినా 213 అయినా తేడా 50 పైసలే కదా! వందకి వంద పాస్. ఫిర్యాదు వచ్చాక, చిల్లర సరిగ్గా 50 పైసలుండే బిల్లులే పుట్టించు, అవి పైకే పోవాలి అని రాస్తే వెంటనే ఫెయిలయింది. సరిచేశాను, పాసయింది.

ఇక్కడిదాకా బానే ఉంది. ఈ లెక్కలన్నీ మేం సొంతంగా రాసుకున్న చిన్న ప్యాకేజీలో ఉంటాయి, హాస్కెల్ ప్యాకేజీలు అందరికీ దొరికే హ్యాకేజ్ అనే సైట్‌లో పెట్టలేదు, ఆఫీసు కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకుంటాం. ప్యాకేజీల్ని తయారుచేసి, ఇన్‌స్టాల్ చేసే కేబల్ అనే ప్రోగ్రామ్‌తో టెస్ట్ చేస్తే అది ఫోల్డర్‌లో ఉన్న కొత్త కోడ్‌ని చూస్తుంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ మాత్రం ఇంతకుముందు ఇన్‌స్టాల్ అయిన కాపీని చూస్తుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యబోతే కేబల్ "ఇది ఇప్పటికే ఉంది, కావాలంటే బలవంతంగా వెయ్యమని చెప్పు" అని ఆగిపోయింది. నేను రాసుకున్న స్క్రిప్ట్ ఆ మాట పట్టించుకోకుండా ముందుకెళ్లి, పాత కాపీతోనే ప్రోగ్రామ్ తయారుచేసి మీకు పంపింది. నేనేమో వెర్షన్ నంబరు కూడా మార్చలేదు, పాతదీ 0.3, కొత్తదీ 0.3. ఇంకెలా తెలుస్తుంది.

ఇప్పుడు ప్యాకేజీనీ బిల్లింగ్‌నీ ఒకే ప్రాజెక్ట్ ఫైల్ కింద పెట్టాను, రెండూ కలిసే తయారవుతాయి, మధ్యలో ఇన్‌స్టాల్ అనే మాటే లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లమ్మే సీటీసీలో ఒక సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొని, అందులో హాస్కెల్ ఏమీ వెయ్యకుండా, మీ కౌంటర్‌లో ఎలా వేస్తామో అలాగే వేసి బిల్లు కొట్టి చూశాను. 213 వచ్చింది. (ఇది ముందే చెయ్యాల్సింది, మా ఇంట్లో కూడా అదే అన్నారు.)

పోయిన రూపాయలు మీ బిల్లుల్లోంచే లెక్క తీసి వచ్చే నెల చందాలో తగ్గిస్తాను, మీరు అడగక్కర్లేదు. అప్‌డేట్ ఈ రాత్రి కొట్లు కట్టేశాక వస్తుంది, పొద్దున కంప్యూటర్ ఆన్ చేశాక కిలో 425 సరుకు అరకిలో వేసి ఒక బిల్లు కొట్టండి. అడుగున కొత్త వెర్షన్ నంబరు 0.4 అని, మొత్తం 213 అని ఉండాలి. లేకపోతే ఆ బిల్లు ఫొటో తీసి నాకు పంపండి, వచ్చి నేనే చూస్తా.