నీ భోజనాల బల్లకు చాకులు

ప్రియమైన రవికి,

నీ ఉత్తరం అందింది. డల్లాస్‌లో కొత్త ఇంటి పెరట్లో గ్రిల్ పెట్టించావనీ, స్టేక్ బాగానే కుదురుతోంది గానీ బల్ల దగ్గర దాన్ని కోసుకోవడానికే వచ్చినవాళ్లందరూ తంటాలు పడుతున్నారనీ రాశావు. ఏ చాకులు కొనాలో నన్ను అడగడం నాకెంతో సంతోషం కలిగించింది. ఫ్రాన్సులో చాకుల తయారీకి పెట్టింది పేరైన తియేర్ పట్టణం, నేనుంటున్న క్లెర్మోఁ-ఫెరాఁకు కారులో గంట ప్రయాణం కూడా లేదు. వీలు చిక్కినప్పుడల్లా అక్కడికి వెళ్లి వస్తుండడం వల్ల ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయమే ఏర్పడింది.

రంపపు పళ్లున్న చాకులు కొనకు. పళ్లు లేని, నున్నటి అంచున్నవే కొను.

నేను కూడా మొదట పళ్ల చాకులే కొన్నాను. 12 చాకుల పెట్టె చౌకగా దొరికిందని తెచ్చుకున్నాను. ఒక ఆదివారం ఇక్కడి సాలెర్స్ జాతి పశుమాంసం మంచి ముక్క తెచ్చి, పెనం మీద కాల్చి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, స్నేహితులకు వడ్డించాను. చాకు పెట్టగానే ముక్క తెగలేదు, చిరిగింది. కోసిన చోట నారలు నారలుగా పైకి లేచాయి, అంత జాగ్రత్తగా లోపల నిలిపిన రసం పళ్లెంలోకి కారిపోయింది. ఆ తరువాత తియేర్‌లో ఒక చిన్న దుకాణంలో, నున్నటి అంచున్న చాకును యజమానురాలు నా చేతికిచ్చి, బాగా పండిన టమాటాను కోయమన్నది. నేను నొక్కనే లేదు, చాకు తన బరువుతోనే దిగిపోయింది. తెగిన ముఖం అద్దంలా ఉంది, ఒక్క గింజ కూడా చెదరలేదు. మాంసం కూడా అలాగే తెగుతుంది.

మరి హోటళ్లలో పళ్ల చాకులే ఎందుకు పెడతారని అడుగుతావు. పింగాణీ పళ్లెం పైపూత ఉక్కు కంటే గట్టిది కాబట్టి, కోసిన ప్రతిసారీ నున్నటి అంచు దానికి తగిలి మొద్దుబారుతుంది. పళ్ల చాకుకైతే మొనలు మాత్రమే పళ్లేన్ని తాకుతాయి, నడుమనున్న గుంటల్లో పదును చాలాకాలం నిలుస్తుంది. రోజూ వందల మంది తినే చోట సాన పట్టే తీరిక ఎవరికీ ఉండదు కనుక అక్కడ అదే సరైనది. ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. నెలకొకసారి సానరాయిని తడిపి, చాకును సుమారు 20 డిగ్రీల వాలులో పట్టుకుని, రెండు వైపులా నాలుగైదు సార్లు నూరితే చాలు. పళ్ల చాకు ఒకసారి మొద్దుబారిందంటే దానికి ఇంట్లో పదును పెట్టడం మహా కష్టం.

మన వీధిలోకి సాన పట్టేవాడు వచ్చేవాడు, గుర్తుందా? సైకిలుకు స్టాండు వేసి, పెడల్ తొక్కుతూ రాయి తిప్పుతుంటే రవ్వలు లేచేవి. మా అమ్మ కత్తిపీట పట్టుకుని తన వంతు కోసం నిలబడేది. తియేర్ కార్మికులు ఒకప్పుడు దురోల్ నది నీటితో తిరిగే సానరాళ్ల మీదుగా బల్లపై బోర్లా పడుకుని చాకులు నూరేవారు. చలికి కాళ్లు కొయ్యబారకుండా కుక్కను కాళ్ల మీద పడుకోబెట్టుకునేవారట. రాళ్ల నుంచి చిమ్మే పసుపు బురద పొట్టకు అంటుకోవడం వల్ల వాళ్లకు ‘పసుపు పొట్టలు’ అనే పేరు వచ్చింది. ఆ శ్రమ ఎంతటిదో తెలిశాక, చాకును మొద్దుగా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

ఇక ఉక్కు సంగతి. తుప్పు పట్టని రకమే తీసుకో, 0.5 శాతం కర్బనం, 14 శాతం అటూఇటూగా క్రోమియం ఉన్న ఉక్కు బల్ల మీద చాకులకు చక్కగా సరిపోతుంది. క్రోమియం లేని పాతరకం ఉక్కుకు పదును సులభంగా వస్తుంది గానీ, నువ్వు దేని మీదైనా నిమ్మకాయ పిండుకోనిదే తినవు కదా! ఇనుప కత్తిపీట మీద పచ్చిమామిడి ముక్కలు నల్లబడినట్టే అదీ నల్లబడి, ముక్కకు ఇనుము రుచి అంటుతుంది.

‘లాయోల్’ అన్న పేరు చూసి మాత్రం మోసపోకు. అది ఇక్కడికి దక్షిణాన ఉన్న ఒక ఊరి పేరు, అక్కడ పుట్టిన, పిడి మొదట్లో తేనెటీగ బొమ్మ ఉండే చాకు నిజంగా అందమైనదే. అయితే ఆసియాలో తయారైన చౌక చాకుల మీద కూడా అదే పేరు, అదే తేనెటీగ బొమ్మ కనిపిస్తాయి. బొమ్మను చూసి కాక, ఎవరు చేశారో, ఎక్కడ చేశారో అడిగి తెలుసుకుని కొను. అలుగు, అంటే చాకులో కోసే భాగం, 11 సెంటీమీటర్లుంటే చాలు. దాని ఉక్కు పిడి చివరిదాకా వెళ్లిందో లేదో చూడు. కొయ్యపిడి చేతికి హాయిగా ఉంటుంది గానీ డిష్‌వాషర్‌లో వేస్తే పగులుతుంది, కాబట్టి తిన్న వెంటనే చేత్తో కడిగి తుడవాలి. 12 అక్కర్లేదు, ఆరు మంచివి తీసుకో.

తొందరపడి అక్కడే కొనేయకు. డిసెంబరులో వస్తానన్నావు కదా, తియేర్ వెళ్లి నీ చేతికి అమరినవి నువ్వే ఎంచుకుందువు గాని. తిరుగు ప్రయాణంలో వాటిని చెక్-ఇన్ పెట్టెలో సర్దుదాం. అప్పటిదాకా వంటింట్లో ఉన్న చిన్న కూరగాయల చాకులకే పదును పెట్టి బల్ల మీద పెట్టు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్