డిమెన్షియా రోగిని చూసుకునేవారికీ భత్యం ఇవ్వాలి

సంపాదకులకు,

పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.15,000 ఇస్తున్నారు. మంచి పని. కానీ డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) వచ్చిన పెద్దలు చాలాకాలం నడుస్తూనే ఉంటారు. అసలు టెన్షన్ అక్కడే. గ్యాస్ పొయ్యి తిప్పి వదిలేస్తారు, అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోతారు. ఇంట్లో ఒకరు, ఎక్కువగా కోడలో కూతురో, పని మానుకుని కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఆ పోయిన సంపాదన ఎవరి లెక్కలోనూ లేదు. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షణ భత్యం గురించి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పథకంలో సంరక్షకులకు నెలకు రూ.600 పెట్టింది. చిన్న మొత్తమే, అయినా వాళ్ల సేవను గుర్తించింది. మన ప్రభుత్వమూ ఇలాంటి భత్యం ప్రకటించాలి. న్యూరాలజిస్టు ధ్రువపత్రం ఉంటే చాలనాలి. సొంత బిడ్డను గుర్తుపట్టలేని పెద్దాయనను వైకల్య ధ్రువీకరణ శిబిరాల చుట్టూ తిప్పించొద్దు.

– ఒక పాఠకురాలు, గుంటూరు