పాత పాటే కదా అనకు

ఒరేయ్ శీనుగా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. వానలు పట్టుకున్నాయి, అమీర్‌పేట రోడ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు 'తమ్మీ, ఒక్క టీ' అని కేకేసే టీకొట్టువాడు కనిపించి నిన్నడిగాడు. సరే, అసలు మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మీ కమ్యూనిటీ రేడియోలో పొద్దున్నే 'మాయాబజార్' నాటి పాటలు వేస్తాం, అరవై ఏళ్లు దాటాయి కాబట్టి పైసా కట్టక్కర్లేదు అని రాశావు. సగమే నిజం రా! ఒక్క పాటలో రెండు రకాల హక్కులుంటాయి. రికార్డింగుకైతే విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. 1957 నాటి రికార్డు గడువు 2017తో తీరింది, ఒప్పుకుంటా. మాటకీ బాణీకీ మాత్రం రాసినాయన, కట్టినాయన పోయాక 60 ఏళ్లు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పోయింది 1971లో, అంటే 2031 ఆఖరు దాకా. ఘంటసాల కట్టిన బాణీలకు 2034. సాలూరి రాజేశ్వరరావు గారి చెయ్యి పడ్డవైతే 2059, అప్పటికి మనం ఉంటే చూద్దాం. హక్కు ఇప్పుడు ఎవరి పేరున ఉన్నా లెక్క రాసినాయన, కట్టినాయన పోయిన ఏడాది నుంచే. కాబట్టి లేబుల్ (రికార్డు కంపెనీ) గొడవ తప్పినా, కవుల, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సంస్థ లైసెన్సు సంగతి ముందు చూసుకో.

కొత్త పాటలకు లేబుల్ బేరం కుదరకపోతే కాపీరైట్ చట్టంలో 31డి సెక్షన్ ఉంది. అనుమతి అడగక్కర్లేదు గానీ నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టాలి. నోటీసు కనీసం 5 రోజుల ముందు వెళ్లాలి. ఏ పాట, ఎవరిది, ఏ కార్యక్రమం, ఏ టైము, ఎంతసేపు, ఎంత మేర వినపడుతుంది, రాయల్టీ కట్టిన వివరం, అన్నీ అందులో ఉండాలి. లెక్కల మాస్టారికి నువ్వు చూపించిన హోంవర్కులా తర్వాత ఇస్తానంటే నడవదు. ప్రసారం అయ్యాక వివరాలివ్వొచ్చని మద్రాసు హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును 2021లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పాటతో పాటు రాసినవాళ్ల, పాడినవాళ్ల పేర్లు చెప్పాలి. నిడివి తగ్గించుకోవచ్చు, మధ్యలో మీ డప్పు కలిపి కొత్త రూపం ఇస్తే కుదరదు. చెప్తున్నా, మీ రేడియోలో పాటలు వేసేవాడికి ఆ సరదా ఎక్కువ!

ఇంకోటి. యాప్‌లో కూడా వినిపిస్తామన్నావు. 31డి ఇంటర్నెట్‌కు వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది, 2022లో అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచీ ఆ మాటే ఖాయం చేసింది. ఆ అనుమతి వేరే తెచ్చుకో, లేదంటే యాప్‌లో పాటలొచ్చినప్పుడు ఆపెయ్.

నన్నడిగితే మీ ఊరి అమ్మలక్కల చేత తరతరాల బతుకమ్మ పాటలు పాడించి మీరే రికార్డు చేసుకోండి. పాడినవాళ్ల దగ్గర సంతకం మాత్రం తీసుకో, తాము పాడినదాని మీద వాళ్లకూ ప్రదర్శన హక్కు 50 ఏళ్లుంటుంది. ఏటా పండక్కి వచ్చే కొత్త బతుకమ్మ పాటలు మాత్రం ఈ లెక్కలోకి రావు, వాటికి కవి ఉన్నాడు, లేబుల్ ఉంది, ఇంకా... అయ్యో, పోస్టు డబ్బా తీసే టైమైంది. మిగతాది ఫోన్లో.

నీ బాబ్జీ