పైక్ టీవీల్లోంచి పిక్చర్ ట్యూబు తీసేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నామ్ జూన్ పైక్ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. టీవీలను కళగా మార్చిన ఆ కొరియా మనిషి గురించి అంత వివరంగా రాసిన వ్యాసకర్తకు కృతజ్ఞతలు. అయితే చివర్లో ఆయన, మ్యూజియాల్లో పాడవుతున్న పాత టీవీలు తీసేసి వాటి స్థానంలో కొత్త తెరలు బిగిస్తే సమస్య తీరిపోతుందన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పాతికేళ్లు పిక్చర్ ట్యూబు టీవీలు బాగుచేసి ఇల్లు నడిపినవాణ్ని. అందుకే ఈ ఉత్తరం.

1963 మార్చిలో పశ్చిమ జర్మనీలోని వుప్పర్టాల్‌లో, గ్యాలరీ పర్నాస్ అనేచోట పైక్ తన మొదటి సొంత ప్రదర్శన పెట్టాడు. పియానోలతో పాటు డజను దాకా పాత టీవీలు తెచ్చాడు. వాటిలో ఒకటి తెచ్చేటప్పుడే దెబ్బతింది. బొమ్మంతా నలిగిపోయి తెర మధ్యలో అడ్డంగా ఒక్క గీత మిగిలింది. పైక్ దాన్ని బాగుచేయించలేదు, పక్కకు తిప్పి నిలబెట్టాడు. అడ్డగీత నిలువుగీత అయింది. అదే 'జెన్ ఫర్ టీవీ'.

ఆ గీత నాకు బాగా తెలుసు. వర్టికల్ సెక్షన్ పోయిన ప్రతి సెట్టూ మా బల్ల మీదికి ఆ గీతతోనే వచ్చేది. ట్యూబు లోపల బొమ్మ గీసే ఎలక్ట్రాన్ కిరణం పక్కలకు తిరుగుతూనే ఉంటుంది, పైకీ కిందికీ కదలడం ఆగిపోతుంది. తెరంతా పరుచుకోవాల్సిన వెలుగు ఒకే చోట పడి కళ్లు జిగేలుమంటాయి. సెట్టు ఆన్ చేయగానే మేం చేసే మొదటి పని బ్రైట్‌నెస్ తగ్గించడం. లేకపోతే గాజు లోపల వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత అక్కడే కాలిపోయి మచ్చ ఉండిపోతుంది. మేం ఇరవై నిమిషాల్లో పోగొట్టి డబ్బులు తీసుకునే లోపాన్ని ఆ మనిషి కళగా నిలబెట్టాడు. ఇది చదివిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

రెండేళ్ల తర్వాత, 1965లో 'మాగ్నెట్ టీవీ' చేశాడు. బ్లాక్ అండ్ వైట్ సెట్టు మీద పెద్ద అయస్కాంతం పెట్టాడు, అంతే. లోపలి కిరణం దారి తప్పి బొమ్మ వంపులు తిరిగింది. అయస్కాంతాన్ని జరిపితే ఆకారం మారుతుంది. పిల్లలు కలర్ టీవీ దగ్గర స్పీకర్ పెడితే మూలల్లో పచ్చగా, ఊదాగా మరకలు పడేవి గుర్తుందా? తెరకంటిన అయస్కాంతాన్ని తీసేసే డీగాసింగ్ కాయిల్ తిప్పి వాటిని పోగొట్టేవాళ్లం. స్పీకర్లోనూ అయస్కాంతం ఉంటుంది, కారణం ఒకటే. ఇప్పటి చదును తెరలో కిరణమే లేదు. దాని మీద ఎంత అయస్కాంతం పెట్టినా బొమ్మ వంపు తిరగదు. అలాంటి తెర మీద ఎప్పుడో రికార్డు చేసిన వంపులు వేసి, పైన అయస్కాంతం ఉంచి, ఇది పైక్ పని అని చెబితే చూసేవాణ్ని మోసం చేసినట్టే. నూనె రంగుల చిత్రం తీసేసి దాని ఫొటో వేలాడదీయడానికీ దీనికీ తేడా ఏముంది?

పైక్ ఊరికే డబ్బాలు పేర్చిన మనిషి కాదు. 1932లో సియోల్‌లో పుట్టి, యుద్ధం వల్ల కుటుంబంతో దేశం వదిలి, టోక్యోలో చదివి సంగీతకర్త షోన్‌బర్గ్ మీద పరిశోధన వ్యాసం రాశాడు. జర్మనీ వెళ్లి అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ ప్రభావంలో పడ్డాడు. 1960లో ఒక ప్రదర్శన మధ్యలో ప్రేక్షకుల్లోకి వెళ్లి ఆ కేజ్ టైనే కత్తిరించాడు. 2006లో పైక్ చనిపోయినప్పుడు వచ్చినవాళ్లు తమ టైలు కత్తిరించి శవపేటికలో ఉంచారు. ఇవన్నీ మీ వ్యాసంలో ఉన్నాయి. లేనిది ఏమిటంటే, ఆయన ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాడు, షుయా అబే అనే జపాన్ ఇంజినీరుతో కలిసి రోబో కట్టాడు, తర్వాత వీడియో బొమ్మల రంగులూ ఆకారాలూ మార్చే వీడియో సింథసైజర్ తయారుచేశాడు. సియోల్‌లో లీ జంగ్ సంగ్ అనే టెక్నీషియన్ చేతుల మీద భరోసా పెట్టి పెద్ద పెద్ద పనులు ఒప్పుకున్నాడు.

పైక్, లీ కలిసి చేసిన పనే 'ద మోర్ ద బెటర్'. 1988లో గ్వాచన్‌లోని కొరియా జాతీయ మ్యూజియంలో 1,003 టీవీలతో కట్టిన గోపురం, 18.5 మీటర్ల ఎత్తు. 2003లో టీవీలన్నీ మార్చారు. 2018లో ప్రమాదమని ఆపేశారు. 2022 సెప్టెంబరులో మళ్లీ వెలిగించారు. 737 ట్యూబు టీవీలను బాగుచేసో, వాడిన సెట్లు వెతికి తెచ్చో నిలబెట్టుకున్నారు. పైభాగంలోని 266 చిన్న సెట్లకు మాత్రం ఎల్‌సీడీ పెట్టారు. అవసరమైతే మార్చుకోవచ్చని పైక్ తానే ఒప్పుకున్నాడు కదా అని వ్యాసకర్త అడగవచ్చు. ఒప్పుకున్నాడు. ఆ గోపురంలో టీవీలు వీడియోను చూపిస్తాయి, అందుకే అక్కడ నాకూ అభ్యంతరం లేదు. 'మాగ్నెట్ టీవీ', 'జెన్ ఫర్ టీవీ' దగ్గర ట్యూబే బొమ్మ. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టడం వల్లే చిక్కంతా.

టీవీలకు ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఉన్నవి తుక్కులోకి పోతున్నాయి. రాగి కోసం యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) లాగేటప్పుడు ట్యూబు మెడ విరిగితే గాలి లోపలికి పోయి అది ఇక ఎందుకూ పనికిరాదు. ప్రజల డబ్బుతో నడిచే మ్యూజియాలు కొత్త కళాఖండాల కొనుగోలుకు ఇచ్చే నిధుల్లో కొంత తీసి, ఈ సెట్లు తుక్కుకు చేరకముందే కొనిపెట్టాలి. గోడౌన్లో పడేస్తే చాలదు, కెపాసిటర్లు ఎండిపోతాయి, అప్పుడప్పుడూ కరెంటు ఎక్కించి చూస్తుండాలి. ఆ పని తెలిసిన మాలాంటివాళ్లందరికీ వయసు మీదపడింది. పక్కన నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టి సోల్డరింగ్ ఐరన్ వాళ్ల చేతికివ్వాలి, ఇప్పుడే.

ఇంకొక్క విన్నపం. ప్రతి పని పక్కనా పెట్టే చీటీలో కళాకారుడి పేరు, సంవత్సరం ఉంటున్నాయి. ఏ సెట్టులో ఏ భాగం ఎప్పుడు మార్చారో కూడా రాయాలి. మార్చినవాడి పేరు దాని కిందే వేయాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పాత టీవీ మెకానిక్